నాణెముల చరిత్ర – వర్తక ధర్మము

తెలుగు భాషలో నాణెమను మాటకు రెండర్థములు గలవు. చేతి నుండి చేతికి మారు రూపాయి బిళ్ల నాణెము. కల్తీలేని మంచి సరుకు నాణెమైన సరుకు. ఒకే మాట ధనమునకును, మంచితనమునకును చెల్లుచున్నది. ధనమునకు విలువ దాని మంచితనము వలననే కలుగునను సత్యము ఆ ఒక్క మాటలో ఇమిడియున్నది. ప్రపంచమున సుమారు రెండువేల ఆరువందల సంవత్సరములుగా నడచుచున్న నాణెముల చరిత్రను పరిశీలించినచో ఈ సత్యమే పదే పదే రుజువగుచున్నది. తూకము, వన్నె తప్పని నాణెము సముద్రములు దాటి చెల్లినది. మాట తప్పిన రాజు నాణెమును అతని సొంత ప్రజలే నమ్మలేదు. వర్తకము వృత్తిగా గల జైన కుటుంబముల పిల్లలు ఈ చరిత్రను తెలిసికొనుట చదువునకును, వ్యాపారమునకును, ధర్మమునకును కూడ ఉపయోగకరము.

నాణెము పుట్టుక

నాణెములు పుట్టకముందు ధాన్యము, పశువులు, ఉప్పు, గవ్వలు మారకమునకు సాధనములుగా నుండెను. మాల్దీవుల నుండి వచ్చిన గవ్వలు బెంగాలులో 19వ శతాబ్దము వరకు చిల్లర క్రింద చెల్లినవి. తెలుగువారు నేటికిని చేతిలో చిల్లిగవ్వ లేదని చెప్పుకొనుటలో ఆ కాలపు జాడ కనబడును. గవ్వలు చిన్న బేరములకు సరిపోయినను పెద్ద వర్తకమునకు చాలవు. అందుచేత వెండి బంగారములు ముందునకు వచ్చెను. ఐనను ముద్రలేని లోహముతో ఒక చిక్కు గలదు. ప్రతి బేరమునందును దానిని తూచవలెను. గీటురాయిపై గీసి వన్నె చూడవలెను. అమ్మువానికి అనుమానము, కొనువానికి ఆలస్యము. ఈ రెంటిని పోగొట్టుటకే నాణెము పుట్టినది. ముద్ర యనగా, ఈ బిళ్ల తూకమునకును వన్నెకును తాను పూచీయని రాజు ఇచ్చిన మాట.

నేటి టర్కీ దేశములోని లిడియా రాజ్యమున, సార్డిస్ నగర ప్రాంతమున, క్రీస్తు పూర్వము 7వ శతాబ్దమున తొలి నాణెములు వెలువడెనని చరిత్రకారులు చెప్పుదురు. అవి బంగారము, వెండి కలిసిన లోహముతో చేసినవి. అందులో బంగారము పాలెంతయో కంటితో చూచి చెప్పుట అసాధ్యము. ముద్రయే ఆధారము. తరువాత క్రీ.పూ. 6వ శతాబ్దమున క్రీసస్ రాజు కాలమున బంగారమునకు వేరుగా, వెండికి వేరుగా నాణెములు వేయ నారంభించిరి. పుచ్చుకొనువాని అనుమానము తీరినకొలది నాణెము చెల్లుబడి పెరిగినది.

రాజు ముద్ర, షరాబు గుర్తు

భారతదేశపు ప్రాచీన నాణెములకు విద్ధాంక నాణెములని పేరు. వెండి రేకును ముక్కలుగా కత్తిరించి, అంచులు తీసి తూకమునకు సరిచేసి, సూర్యుడు, చెట్టు, కొండ, ఏనుగు మున్నగు గుర్తులను ఒక్కొక్కటిగా కొట్టెడివారు. కార్షాపణమను వెండి నాణెము తూకము 32 గురిగింజలు. నేటి లెక్కలో సుమారు మూడున్నర గ్రాములు. కృష్ణాతీరమున అమరావతిలో ఇట్టి నాణెములు వేలకొలది ఒకేచోట దొరకినవి. కౌటిల్యుని అర్థశాస్త్రములో నాణెములను పరీక్షించు ఉద్యోగికి రూపదర్శకుడని పేరున్నది.

ఈ నాణెములను తిరుగవేసి చూచినచో వెనుకవైపున చిన్న చిన్న ముద్రలు కనబడును. అవి షరాబులు పరీక్షించి వేసిన గుర్తులని పలువురు పండితుల అభిప్రాయము. ముందువైపు పాలకుని మాట, వెనుకవైపు వర్తకుని సాక్ష్యము. రెండును ఉన్న నాణెమును జనులు సందేహింపక పుచ్చుకొనెడివారు. తరువాత ఆంధ్రదేశము నేలిన శాతవాహనులు సీసముతో కూడ నాణెములు వేయించిరి. తూర్పుతీరమున దొరకిన వారి సీసపు నాణెములపై ఓడ బొమ్మ కలదు. సముద్రవర్తకమునకు ఆనాడు గల గౌరవమునకు ఆ బొమ్మ నిదర్శనము.

రోము నాణెము చెప్పు పాఠము

ఆ ఓడలలో వచ్చిన విదేశపు ధనములో రోమను వెండి నాణెము ముఖ్యమైనది. దాని పేరు దెనారియస్. సంస్కృతములోని దీనారము, అరబ్బుల దినారు ఈ పేరు నుండి వచ్చినవే. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఇట్టి నాణెములు వేయికి మించి ఒకే నిధిగా దొరకినవి.

క్రీ.శ. 1వ శతాబ్దమునకు చెందిన ప్లినీ అను రోమను గ్రంథకర్త ఒక ముచ్చట వ్రాసియున్నాడు. గాలివాటున సింహళమునకు కొట్టుకొనిపోయిన ఒక రోమనీయుని వద్ద నున్న నాణెములను ఆ దేశపు రాజు చూచెను. వానిపై వేర్వేరు చక్రవర్తుల ముఖములున్నవి. కాని అన్నియు ఒకే తూకము తూగినవి. రాజులు మారినను తూకము మారని దేశము నమ్మదగినదని ఆ రాజు మెచ్చుకొని, రోమునకు రాయబారులను పంపెనట. ఆ రాజు రోమును చూడలేదు. వారి సైన్యమును చూడలేదు. చూచినది తక్కెడను మాత్రమే.

ఆ పేరు ఎక్కువ కాలము నిలువలేదు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి వెండి నాణెము తూకమును, వన్నెను తగ్గించెను. భారతదేశమున దొరకిన రోమను వెండి నాణెములలో అధికభాగము నీరోకు పూర్వులైన అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవే. తగ్గించిన నాణెమును ఇచ్చటి వర్తకులు ఇష్టపడలేదని చరిత్రకారులు పలువురు ఊహించుచున్నారు. ముఖముద్ర ఎంత గొప్పవాడిదైనను గీటురాయి ముఖము చూడదు గదా! తరువాతి చక్రవర్తులు యుద్ధముల ఖర్చులకై మరింత రాగి కలుపుచు పోయిరి. 3వ శతాబ్దము మూడవ పాదము నాటికి ఆ దేశపు వెండి నాణెములో వెండి నూటికి ఐదు పాళ్లకు దిగిపోయి, ధరలు పెరిగి, ప్రజలు కష్టముల పాలైరి.

4వ శతాబ్దారంభమున కాన్‌స్టంటైన్ చక్రవర్తి పౌను బంగారమునకు 72 చొప్పున కొత్త బంగారు నాణెము వేయించెను. తూకము సుమారు నాలుగున్నర గ్రాములు. దీనిని అతని తరువాతి వారు 11వ శతాబ్దము వరకు, ఇంచుమించు ఏడువందల సంవత్సరములు, పెద్దమార్పు లేకుండ కాపాడిరి. అందుచేత వారి రాజ్యము కుదించుకొనిపోయిన రోజులలో కూడ ఆ నాణెము పరదేశములలో చెల్లినది.

దిల్లీ టంకశాలలో జైన పరీక్షకుడు

నాణెముల పరీక్షను శాస్త్రముగా వ్రాసిన ఒక జైన శ్రావకుని పేరు ఈ సందర్భమున స్మరింపదగినది. ఆయన ఠక్కుర ఫేరు, శ్రీమాల వంశీయుడు. దిల్లీలో అల్లాఉద్దీన్ ఖిల్జీ కాలమునను, ఆయన కుమారుని కాలమునను కొలువు చేసెను. దిల్లీ టంకశాలలో తాను గడించిన అనుభవముతో 1318లో ద్రవ్యపరీక్ష యను గ్రంథమును రచించెను. వెండి బంగారములను శుద్ధిచేయు విధము, వన్నె కనుగొను విధము, నానా రాజ్యముల నుండి దిల్లీకి వచ్చిన నాణెముల పేర్లు, వాని తూకము, వానిలో గల వెండి రాగి పాళ్లు, మారకపు విలువ అందులో వివరింపబడినవి. గణితము, రత్నపరీక్ష, వాస్తువులపై కూడ ఆయన గ్రంథములు వ్రాసెను. ఈ గ్రంథముల వ్రాతప్రతి 1946లో కలకత్తాలో నాహటా వంశీయులైన ఇరువురు జైన పండితుల కంటబడి, 1961లో జోధపూరు నుండి అచ్చయినది.

ఆనాడు ఒక్క వెండి నాణెము పేరు చెప్పినంత మాత్రమున లాభము లేదు. ఏ రాజుది, ఏ ఊరిది, ఎంత తూకము, ఎంత రాగి యని తెలియని వర్తకుడు ప్రతి మారకములోను మోసపోవును, లేదా మోసగించును. తెలిసినవాడు తనకు తెలిసినది దాచుకొనినచో ఇతరుల అజ్ఞానమే అతనికి ఆదాయమగును. ఫేరు తాను తెలిసికొనిన దానిని గ్రంథముగా వ్రాసి ఇతరులకు అందించెను. వృత్తిజ్ఞానమును దానము చేయుట కూడ ధర్మమే.

ఆ గ్రంథము వెలువడిన పదునొకండేండ్లకు అదే దిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఒక ప్రయోగము చేసెను. అప్పటికి చైనా దేశమున కాగితపు ధనము మూడువందల సంవత్సరములుగా వాడుకలో నున్నది. సిచువాన్ ప్రాంతమున బరువైన ఇనుప నాణెములను మోయలేక వర్తకులు రసీదులతో బేరములు జరుపుకొనుచుండగా, 1024 ప్రాంతమున ప్రభుత్వమే ఆ పని చేపట్టినది. తుగ్లకు కూడ అటులే రాగి, ఇత్తడి బిళ్లలను 1329 ప్రాంతమున వెలువరించి, వెండి టంకముతో సమానముగా పుచ్చుకొనవలెనని ఆజ్ఞాపించెను. ఆలోచన చెడ్డది కాదు. కాని ఎవరును అనుకరింపలేని ముద్రను ఏర్పరచలేదు. రాగి అందరి ఇండ్లలోను ఉన్నది. దొంగ బిళ్లలు గుట్టలుగా పుట్టినవి. బయటి వర్తకులు వానిని ముట్టుకొనలేదు. మూడేండ్లలోపుననే సుల్తాను వానిని రద్దుచేసి, తెచ్చినవారికి ఖజానా నుండి వెండి బంగారములు ఇచ్చెను. ఖజానా తరిగినది. ఐనను రద్దుచేయునప్పుడు చెల్లించెదనన్న మాటను అతడు నిలుపుకొనెనని గుర్తింపక తప్పదు.

వరాహము, రూపాయి, వట్టము

దక్షిణదేశమున బంగారమునకు ప్రాధాన్యము హెచ్చు. విజయనగర రాజుల వరాహము సుమారు 3.4 గ్రాముల బంగారు నాణెము. ఐరోపావారు దీనిని పగోడా యనిరి. ఉత్తరదేశమున షేర్ షా 1540–1545 మధ్య పాలించి, 178 గ్రేనుల వెండి రూపాయిని స్థిరపరచెను. మొగలాయీలు దానినే అనుసరించిరి. నేటి రూపాయి పేరు అక్కడిదే. చెన్నపట్టణములో ఈ రెండు పద్ధతులును కలియుటచే లెక్కలు చిక్కుపడినవి. 80 కాసులు ఒక పణము. 42 పణములు ఒక నక్షత్ర వరాహము. ఒక వరాహము మూడున్నర రూపాయలు. అనగా ఒక్క వరాహమునకు 3,360 కాసులు. ఈ లెక్క నోటికి రాని గుమాస్తాకు కొలువు దొరకుట కష్టము. 1818లో చెన్నరాజధానిలో రూపాయి ప్రధానమైనది. డబ్బు అనునది కూడ మొదట ఒక రాగి నాణెము పేరే. తరువాత సమస్త ధనమునకును పేరైనది.

ఎన్నో నాణెములున్న చోట వట్టము తప్పదు. ఒక నాణెమును మరియొక దానికి మార్చునప్పుడు తగ్గించుకొను సొమ్మునకు వట్టమని పేరు. బెంగాలులో ఇది విచిత్రముగా నుండెను. కొత్తగా ముద్రింపబడిన సిక్కా రూపాయి మొదటి సంవత్సరము నిండు విలువకు చెల్లును. సంవత్సరము మారిన వెంటనే, వెండి రవ్వంతయు తరుగకున్నను, వట్టము పడును. తిరిగి ముద్రవేయించిననే గాని నిండు విలువ రాదు. ఈ లాభము షరాబులది, టంకశాలది, నష్టము రైతుది.

ముర్షిదాబాదులోని జగత్‌సేఠ్ కుటుంబము ఈ వ్యవహారమున అగ్రస్థానమున నుండెను. వారు నాగౌరు నుండి తూర్పునకు తరలిపోయిన ఓస్వాల్ జైనులు. 1723లో ఫతేచందునకు మొగలు చక్రవర్తి జగత్‌సేఠ్ బిరుదు నిచ్చెను. ముర్షిదాబాదు టంకశాలపై వారికి గొప్ప పట్టుండెను. వారి హుండీ దేశమంతట చెల్లెను. ఆ హుండీకి గల పరపతి వారి నమ్మకమునకు నిదర్శనము, గర్వింపదగినది. కాని ధనబలము వారిని రాజకీయములలోనికి లాగినది. 1757లో సిరాజుద్దౌలాపై జరిగిన కుట్రలో వారును చేరిరి. 1763లో మీర్ ఖాసిం చేతిలో ఆ ఇంటి పెద్దలిరువురు హతులైరి. కొలది కాలమునకు ఖజానా కలకత్తాకు తరలిపోయినది. ఆ ఇంటి ప్రాభవము అస్తమించినది. నాణెమును పరీక్షించు నేర్పు ఫేరుకును ఉన్నది, జగత్‌సేఠులకును ఉన్నది. ఒకరు దానిని గ్రంథముగా చేసిరి. ఒకరు అధికారముగా చేసిరి. రెండింటి ఫలితములను చరిత్ర చూపుచున్నది.

1835లో కంపెనీవారు తమ రాజ్యమంతటికి ఒకే రూపాయిని శాసనము చేసిరి. మొత్తము 180 గ్రేనులు; అందులో అసలు వెండి 165 గ్రేనులు. ఈ రూపాయి తూకమే తులము. సేటు అంగడిలో రూపాయి బిళ్లలే తక్కెడలో తూనికరాళ్లుగా కూడ పనిచేసినవి. ధనమును, తూకమును ఒకే బిళ్ల!

అణాల నుండి పైసలకు

1893లో ప్రజలు తెచ్చిన వెండిని రూపాయలుగా ముద్రించు పద్ధతి ఆగిపోయినది. అప్పటి నుండి రూపాయి విలువ వేరు, అందులోని వెండి విలువ వేరు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1940లో, రూపాయిలో వెండి సగమునకు తగ్గినది. 1947లో వెండి పూర్తిగా పోయి నికెలు రూపాయి వచ్చినది.

ఆ రోజులలో ప్రాంతమునకొక ధనము. నిజాము రాజ్యమున హాలీ సిక్కా. తెల్లవారి రూపాయికి అచ్చట కల్దారు అని పేరు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారులతో సమానము. నూరు కల్దారులు కావలెనన్నచో 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ సిక్కా చెల్లింపవలెను. ఈ సిక్కా 1959 వరకు చెలామణిలో నుండెను. ఫ్రెంచివారి యానాములో రూపాయికి ఎనిమిది ఫనోలు; 1954లో వారి పాలన ముగిసినది. గోదావరి ఒడ్డున యానాముతోను, ఎగువన తెలంగాణముతోను బేరములున్న వర్తకుడు మూడు లెక్కలు వ్రాయవలసియుండెను.

రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానీలు లేక 12 దమ్మిడీలు, రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. ఈ పద్ధతి 1957 ఏప్రిల్ 1వ తేదీన మారి, రూపాయికి 100 నయాపైసలైనవి. 1964లో నయా అను మాట తొలగినది. మార్పు కాలమున ఒక చిక్కు వచ్చినది. అణాకు లెక్క ప్రకారము ఆరుంబావు పైసలు. పావుపైస నాణెము లేదు. అరపైస గాని అంతకు తక్కువ గాని వచ్చినచో విడిచివేయవలెనని, అంతకు మించినచో పూర్తి పైసగా లెక్కించవలెనని శాసనము. దాని ప్రకారము అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 నయాపైసలు. అణా సరుకునకు 7 పైసలు అడిగినచో కొనువాడు గమనింపకపోవచ్చును. కాని దినమునకు నూరు బేరములలో నూరు పైసలు, అనగా ఒక రూపాయి, ధర్మము తప్పి గల్లాపెట్టెలో చేరును. చిన్న నాణెమే పెద్ద పరీక్ష.

మాట మీద నిలిచిన ధనము

1971 ఆగస్టు 15వ తేదీన అమెరికా తన డాలరునకు, బంగారమునకు గల ముడిని తెంచివేసినది. నేడు ప్రపంచమున ఏ పెద్ద దేశపు నోటును తీసికొనిపోయి బంగారము అడుగుటకు వీలులేదు. నేటి రూపాయి బిళ్ల ఉక్కుది. ధనమంతయు కేవలము మాటపై నిలిచియున్నది. మాట చెడినచో ఏమగునో 1923లో జర్మనీ చూచినది. ఆ సంవత్సరము నవంబరులో ఒక డాలరునకు 4.2 లక్షల కోట్ల మార్కులు ఇవ్వవలసివచ్చినది. జీవితమంతయు కూడబెట్టిన సొమ్ము రొట్టెముక్కకు చాలలేదు.

భారతదేశమున 2016 నవంబరు 8వ తేదీన పాత 500, 1000 రూపాయల నోట్లు రద్దయినవి. అదే సంవత్సరము యూపీఐ పద్ధతి ఆరంభమై, నేడు కూరగాయల బండి వద్ద కూడ ఫోనుతోనే చెల్లింపు జరుగుచున్నది. మరియొక వంక, పది రూపాయల నాణెమును కొన్ని ఊళ్లలో అంగళ్లవారే పుచ్చుకొనలేదు. ముద్రలు వేర్వేరుగా నున్నందున దొంగదను అనుమానము. 14 రూపములలో వెలువడిన ఈ నాణెములన్నియు చెల్లునని 2018లో రిజర్వు బ్యాంకు ప్రకటింపవలసి వచ్చినది. మంచి నాణెమును చెల్లదనుట కూడ చెడ్డ నాణెమును చెల్లించుట వంటి తప్పే. పాపము, దానిని తెచ్చిన కూలివానికి ఆ పూట సరుకు దొరకదు.

మూడవ అణువ్రతము

జైన గృహస్థునకు చెప్పబడిన ఐదు అణువ్రతములలో మూడవది అచౌర్యము. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో ఈ వ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. ఇతరులను దొంగతనమునకు పురికొల్పుట మొదటిది. దొంగసొత్తు కొనుట రెండవది. రాజశాసనమును దాటి వర్తకము చేయుట మూడవది. తూకములలో, కొలతలలో హెచ్చుతగ్గులు చేయుట నాల్గవది. నకిలీని అసలుగా చెల్లించుట, మంచిదానిలో చెడ్డది కలుపుట ఐదవది. ఈ చివరిదానికి ప్రతిరూపక వ్యవహారమని పేరు.

ఐదింటిలో ఏ ఒక్కటియు గోడకు కన్నము వేయు దొంగను గూర్చి కాదు. అన్నియు అంగడిలో కూర్చున్న పెద్దమనుష్యుని గూర్చినవే. నకిలీ చేసినవాడు మాత్రమే దోషి యని కూడ ఇచ్చట చెప్పలేదు. దానితో వ్యవహరించినవాడును దోషియే.

సాయంకాలము గల్లా లెక్కించునప్పుడు ఒక దొంగ 500 రూపాయల నోటు బయటపడినదనుకొనుడు. ఎవరిచ్చిరో తెలియదు. బ్యాంకుకు ఇచ్చినచో వారు దానిని స్వాధీనము చేసికొని రసీదు ఇత్తురే గాని, బదులు సొమ్ము ఇయ్యరు. నష్టము వర్తకునిదే. మరునాడు సందడి వేళ నోట్ల మధ్య పెట్టి ఇంకొకరికి అంటగట్టినచో నష్టము తప్పును. చాలమంది మనస్సునకు అది దొంగతనముగా తోచదు. తానును మోసపోయినవాడే గదా యని సమాధానము చెప్పుకొందురు. కాని తెలిసి చెల్లించుట చట్టము దృష్టిలో నేరము. వ్రతము దృష్టిలో అతిచారము. మోసము ఒకచోట ఆగవలెనన్నచో ఎవరో ఒకరు నష్టమునకు ఒప్పుకొనవలెను. వ్రతము పుచ్చుకొన్నవాడే ఆ ఒకరు. ఆ ఐదువందలు పోయినవని ఖర్చు వ్రాసికొనుట వ్రతమునకు చెల్లించు వెల.

రాజుల నాణెములు నేడు వస్తుప్రదర్శనశాలలలో ఉన్నవి. వానిని వేసిన రాజ్యములు లేవు. ఐనను ఏ రాజు తూకము నిలుపుకొనెనో, ఏ రాజు తప్పెనో త్రాసులో వేసినచో నేటికిని తెలియుచున్నది. వర్తకుని చిట్టా, తక్కెడ కూడ అటువంటివే. పిల్లలకు లెక్కలు నేర్పు పెద్దలు అణాలు, పైసలు, వట్టముల కథలతో పాటు ఈ ఐదు అతిచారములను కూడ నేర్పుట మంచిది. ఫోనులో సొమ్ము కదలినను తక్కెడలో సరుకు సరిగా తూగవలసినదే. ధనము రూపము ఎన్నిసార్లు మారినను వర్తకునికి కావలసిన నాణెము మారలేదు.